పలుకలేనివారి విశ్వాస ప్రమాణము

దేవుని మహాకృప వలన మన అధ్యక్ష ఖండమునకు నూరేండ్లు నిండిన ఈ శుభసమయంలో, సంచిక కమిటీవారు మమ్ములను కూడ ఒక చరిత్ర వ్యాసము వ్రాయమని కోరినారు. బిషప్పుల చరిత్ర, ఆలయాల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర, బోర్డింగు బడుల చరిత్ర మాకంటె బాగుగా వ్రాయగలవారు ఉన్నారు. మేము వ్రాయదలచినది మరియొక రకపు సంఘస్థులను గూర్చి. ఆలయంలో మన ప్రక్కనే కూర్చుండి, చదివిన పాఠము గాని చెప్పిన ప్రసంగము గాని ఒక్క ముక్క కూడ అందకుండ ఇంటికి వెళ్ళినవారిని గూర్చి. పుట్టు చెవుడు గలవారు, మాట రానివారు, పక్షవాతముతో మాట పడిపోయినవారు, బుద్ధి ఎదుగుదల మందగించి పెద్ద వాక్యాలు పట్టుకొనలేనివారు - వీరందరి పేర్లు మన బాప్తిస్మపు రిజిస్టర్లలో ఉన్నవి. కన్ఫర్మేషన్ రిజిస్టరులో మాత్రము వెదకవలసి వచ్చును.

మేము కన్ఫర్మేషన్ తరగతికి వెళ్ళిన సంవత్సరము మాతో కూడ ఒక పిల్ల వచ్చేది. ఆ పిల్లకు చక్కని బైబిలు పేరు ఉన్నది గాని ఊరంతయు "మూగపిల్ల" అనియే పిలిచేవారు. సాయంత్రము దీపాల వేళ చాపమీద అందరము వరుసగా కూర్చుండి విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన ఒప్పజెప్పేవారము. ఆ పిల్ల వంతు వచ్చినప్పుడు ఉపదేశిగారు ఒక్క క్షణము ఆగి, ప్రక్కవారి వైపు చేయి చూపేవారు. చివరికి, "ఈ పిల్ల ఒప్పజెప్పలేదు గదా, వచ్చే సంవత్సరము చూతము" అన్నారు. వచ్చే సంవత్సరము కూడ అదే మాట. బిషప్పుగారు వచ్చిన దినమున ఆలయము ఊడ్చి, తోరణాలు కట్టినది ఆ పిల్లే. సంస్కారపు ఆదివారాలలో అందరు ముందుకు వెళ్ళుచుండగా ఆమె వెనుక గోడకు ఆనుకొని నిలుచుండుట మాకు ఇప్పటికిని కన్నుల ఎదుట ఉన్నది.

ఉపదేశిగారిని మేము తప్పుపట్టుట లేదు. ఆయన పుస్తకము ప్రకారమే నడచినారు. 1662 నాటి ఇంగ్లీషు ప్రార్థన గ్రంథములో, బిడ్డలు విశ్వాస ప్రమాణమును, ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను తమ మాతృభాషలో చెప్పగలిగినప్పుడు, కాటికిజము నేర్చుకొన్న తరువాత, వారిని కన్ఫర్మేషన్‌కు తీసికొని రావలెనని నియమము ఉన్నది. చిక్కంతా "చెప్పగలిగినప్పుడు" అను ఆ ఒక్క మాటలోనే ఉన్నది. లాటిను తెలియని సామాన్యులను వారి సొంత భాషలో ఒప్పజెప్పనిచ్చుట ఆ నియమపు మంచితనము. నోటితో ఏ భాషయు పలుకలేని బిడ్డ సంగతి అందులో లేదు.

అయితే పరిశుద్ధ గ్రంథములో లేదా? లూకా సువార్త మొదటి అధ్యాయము చూడండి. జెకర్యాకు మాట పడిపోయినది. బిడ్డ పుట్టినప్పుడు బంధువులు తండ్రి పేరే పెట్టబోయినారు, తల్లి వద్దన్నది. అప్పుడు వారు తండ్రికి సైగలు చేసి అడిగినారు. ఆయన పలక తెప్పించుకొని దాని మీద పేరు వ్రాసినాడు. యోహాను అను పేరు సంఘ చరిత్రలోనికి వచ్చినది ఒక సైగ, ఒక పలక ద్వారా. ఆ దినమున ఎవరును, "ఈయన మాటలాడలేడు గనుక తల్లిని అడిగితే చాలును" అనలేదు.

మార్కు సువార్త ఏడవ అధ్యాయములోని చెవిటివాని సంగతి మనము ఎన్నోసార్లు విన్నాము. ప్రసంగాలలో ఎప్పుడును "ఎప్ఫతా" అను మాట మీదనే నిలుచుందుము. కాని ఆ మాటకు ముందు ప్రభువు చేసినవి వరుసగా చూడండి. జనసమూహములో నుండి అతనిని ఏకాంతముగా తీసికొని పోయినాడు. అతని చెవులలో వ్రేళ్ళు పెట్టినాడు. ఉమ్మి వేసి నాలుక ముట్టినాడు. ఆకాశము వైపు కన్నులెత్తినాడు. నిట్టూర్పు విడిచినాడు. వినలేనివానికి ఇవన్నియు కంటికి కనబడునవి, ఒంటికి తగులునవి. ఏమి జరుగబోవుచున్నదో, ఎవరి వలన జరుగబోవుచున్నదో ఆ మనిషికి తెలియజేసిన తరువాతనే నోటిమాట వచ్చినది.

ఇంత స్పష్టముగా ఉన్నను, సంఘము చాల కాలము ఒక్క వాక్యమును పట్టుకొని కూర్చున్నది. విశ్వాసము వినికిడి వలన కలుగునని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక పదియవ అధ్యాయములో చెప్పిన మాట అది. వేదాంతి అగస్టీను ఒక వాదములో ఈ మాటనే చూపి, చెవుడు విశ్వాసమునకు ఆటంకమని వ్రాసినాడు. ఆ ఒక్క వాక్యమును తరువాతివారు శతాబ్దాల తరబడి వల్లించినారు. అదే అగస్టీను తన కుమారుడు అదెయొదాతుతో సంభాషణగా వ్రాసిన మరియొక గ్రంథములో, చెవిటివారు సైగలతోనే ప్రశ్నలు అడుగుదురు, బదులు చెప్పుదురు, బోధింతురు అని కూడ వ్రాసినాడు. ఈ రెండవ మాటను వల్లించినవారు తక్కువ. పౌలు చెప్పినది సువార్త చేరవలసిన అవసరమును గూర్చియే గాని, చెవి అను అవయవమును గూర్చి కాదని మా నమ్మకము.

ఇప్పుడు ఒక పెండ్లి సంగతి చెప్పవలెను. ఇంగ్లండులోని లెస్టరు పట్టణములో సెయింట్ మార్టిన్ ఆలయము ఉన్నది. ఇప్పుడు అది కతీడ్రలు. 1576 ఫిబ్రవరిలో అక్కడ థామస్ టిల్సీ అను చెవిటి మూగ వరునికి అర్సులా రస్సెల్ అను వధువుతో వివాహము జరిగినది. ప్రమాణ వాక్యాలు పలుకలేనివానికి వివాహము ఎట్లు చేయుట? బిషప్పుగారి అనుమతి తీసికొన్నారు, పట్టణపు మేయరుగారి సమ్మతి కూడ తీసికొన్నారు. వరుడు ఏమి చేసినాడో ఆలయపు రిజిస్టరులో వ్రాసిపెట్టినారు. మొదట వధువును కౌగిలించుకొన్నాడు. ఆమె చేయి పట్టుకొని వ్రేలికి ఉంగరము తొడిగినాడు. తన గుండె మీద చేయి ఉంచి, పిమ్మట చేతులు ఆకాశము వైపు ఎత్తినాడు. మరణము వరకు కాపురము చేయుదునని చూపుటకు తన కన్నులను చేతులతో మూసికొన్నాడు, పాదముతో నేల త్రవ్వినట్లు చేసినాడు, చావుగంట లాగినట్లు చేయి ఆడించినాడు. ఇంతకంటె స్పష్టముగా పెండ్లి ప్రమాణము చేసిన వరుని మేము చూడలేదు. మనలో చాలమంది గురువుగారి వెనుక గొణిగినవారమే.

ఆ రిజిస్టరు వ్రాసిన గుమాస్తా ఎవరో గాని, అతనికి మేము కృతజ్ఞులము. "సైగలతో వివాహము జరిగినది" అని ఒక ముక్కతో సరిపెట్టక, ప్రతి సైగను వ్రాసినాడు. అందువలననే నాలుగు వందల యేభై యేండ్ల తరువాత మనము ఆ మనిషి ప్రమాణమును చదువగలుగుచున్నాము.

లెస్టరులో జరిగినది ఒక్క దినపు సంగతి. దానిని బడిగా, పద్ధతిగా చేసినవారు మొదట రోమను కథోలిక సన్యాసులు, గురువులు. పదహారవ శతాబ్దములో స్పెయిన్ దేశపు బెనెడిక్టు సన్యాసి పేద్రో పోన్సే దె లెయోన్ గొప్ప కుటుంబాల చెవిటి బిడ్డలకు చదువు నేర్పినాడు. అది ధనవంతులకే అందినది. పేదలకు అందించినది పారిస్ నగరపు గురువు, లెపే అను ఆయన. 1712లో పుట్టిన ఈయన సుమారు 1760లో ఒక పేద ఇంటికి వెళ్ళినాడు. ఆ ఇంటిలో ఇద్దరు చెవిటి అక్కచెల్లెండ్రు ఉన్నారు. అంతకుముందు వానే అను గురువు ఒకరు పరిశుద్ధుల బొమ్మలు చూపి వారికి క్రైస్తవ బోధ చేయుచుండెను. ఆయన చనిపోగా బొమ్మల పాఠము ఆగిపోయినది. ఈ పిల్లలు రక్షకుని ఎరుగకయే చనిపోవుదురేమో అను చింత లెపేగారిని పట్టుకొన్నది. నేర్పుటకు కూర్చున్న తరువాత ఆయనకు తెలిసినది, పిల్లలకు అప్పటికే చేతులతో ఒక భాష ఉన్నదని. నేర్పవచ్చిన గురువు మొదట శిష్యుడై ఆ భాష నేర్చుకొన్నాడు, తరువాత దానికి ఫ్రెంచి వ్యాకరణమును జోడించినాడు. తన సొంత డబ్బుతో ఉచితముగా బడి నడిపి 1789లో మరణించినాడు.

ఆ బడి నుండియే అమెరికాకు వెలుగు వెళ్ళినది. గాలొడెట్ అను యువ బోధకుడు పారిస్‌లో నేర్చుకొని, అక్కడి చెవిటి ఉపాధ్యాయుడు లారెంట్ క్లెర్కును వెంటబెట్టుకొని పోయి, 1817లో హార్ట్‌ఫర్డ్ పట్టణములో బడి తెరచినాడు. ఆయన కుమారుడు గురువై, 1852లో న్యూయార్కులో వినలేనివారి కొరకు సెయింట్ ఆన్ ఆలయము స్థాపించినాడు. హెన్రీ వింటర్ సైల్ అను చెవిటి వ్యక్తి 1883లో మన ఆంగ్లికను సంప్రదాయమునకు చెందిన ఎపిస్కోపలు సంఘములో గురువుగా అభిషేకము పొందినాడు. ఇంద్రియ లోపము గలవాడు గురువగుటకు తగడని ఆక్షేపించినవారు లేకపోలేదు. బిషప్పుగారు వారి మాట వినలేదు.

ఇంతలో 1880లో ఇటలీలోని మిలాను నగరములో చెవిటివారి ఉపాధ్యాయుల మహాసభ జరిగి, సైగలు విడిచి నోటిమాటతోనే బోధించవలెనని తీర్మానించినది. ఆ సభకు వచ్చిన 164 మందిలో చెవిటివాడు ఒక్కడే. అధ్యక్షత వహించినవాడు ఒక గురువు కావడము మనకు సిగ్గుచేటు. సైగ చేసిన పిల్లల చేతులు కొట్టుట, కట్టుట అప్పటి నుండి అనేక బడులలో మామూలయినది. 2010లో వాంకూవరు మహాసభలో ఆ తీర్మానమునకు విచారము వెలిబుచ్చినారు. నూటముప్పది యేండ్లు పట్టినది.

మన దేశములో మొదటి చెవిటివారి బడి 1880వ దశకములో బొంబాయిలో కథోలిక బిషప్పు లియో మేరిన్ గారి పూనికతో ప్రారంభమైనది. 1893లో కలకత్తా బడిని స్థాపించినవారు మిషనరీలు కారు, బెంగాలీ పెద్దమనుష్యులు. ఈ సంగతి మరువరాదు. సంఘమే అన్నియు చేసినదనుట అతిశయోక్తి. మన దక్షిణాదిన, తిరునెల్వేలి జిల్లా పాలయంకోటలో, జెనానా మిషనుకు చెందిన ఫ్లారెన్స్ స్వెయిన్‌సన్ దొరసానిగారు 1890వ దశకములో చెవిటి పిల్లలను చేరదీసి బడి ప్రారంభించినారు. ఆ బడి తరువాత దక్షిణ ఇండియా సంఘము ఆధ్వర్యములోనికి వచ్చి, నేటికిని నడచుచున్నది.

తిరునెల్వేలి అనగానే మన తెలుగు క్రైస్తవులకు అజరయ్యగారు గుర్తుకు వచ్చును. ఆయన ఆ జిల్లావారే. 1903లో తిరునెల్వేలి విశ్వాసులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ ద్వారా దోర్నకల్ సేవ నడచినది. 1912 డిసెంబరు 29న ఆయన మొదటి భారతీయ ఆంగ్లికను బిషప్పు అయినారు. ఆ ప్రాంతపు క్రొత్త విశ్వాసులలో అత్యధికులు చదువు ఎరుగని వ్యవసాయ కూలీలు. వారికి పుస్తకము ఇచ్చి ప్రయోజనము లేదు. కాబట్టి కీర్తనలతో, భజనలతో, కథలతో, పగలు కూలికి పోయి వచ్చినవారికి రాత్రి పాఠాలతో సువార్త చెప్పినారు. పురుషోత్తమ చౌదరిగారి వంటి భక్తులు అంతకుముందే పాట అను పడవను కట్టి ఉంచినారు. విశ్వాస ప్రమాణము కూడ రాగములో నేర్చుకొన్న పెద్దలను మేము ఎరుగుదుము.

ఇక్కడనే మేము చెప్పదలచిన అసలు సంగతి ఉన్నది. అక్షరము రానివానికి సువార్త ఎట్లు అందించవలెనో మన సంఘమునకు తెలిసినంత బాగుగా మరెవ్వరికిని తెలియదు. పుస్తకము చదువలేడని ఏ కూలీని మన పెద్దలు బాప్తిస్మమునకు దూరముగా ఉంచలేదు. వాని వద్దకు పోయి, వానికి అందు మార్గము వెదకినారు. కాని ఆ మార్గమంతయు చెవి ద్వారానే వేసినారు. పాట, కథ, ఒప్పజెప్పుట, ప్రసంగము - అన్నియు చెవికే. కాబట్టి మన పల్లెలోని చెవిటి బిడ్డ చదువు లేనందున పుస్తకమునకు దూరమైనది, వినికిడి లేనందున పాటకును దూరమైనది. మిగిలినది ఆదివారపు బడి గోడకు వ్రేలాడిన రంగుల బొమ్మలు. ఆ బొమ్మలను చూచి ఆ పిల్ల ఎంత అర్థము చేసికొన్నదో ఎవరును అడుగలేదు. అడుగుటకు మాకును సైగ రాదు.

ఆమె కథ అంతటితో ముగియలేదు. చాల ఏండ్ల తరువాత మా ఊరికి ఒక యువ గురువుగారు వచ్చినారు. వెనుక గోడ వద్ద నిలుచున్న నడివయసు స్త్రీని చూచి కారణము అడిగినారు. ఆమె తమ్ముని కుమార్తెను దగ్గర కూర్చుండబెట్టుకొని, ఆ ఇంటిలో వాడుకొను సైగలు తాను నేర్చుకొన్నారు. సిలువ బొమ్మ చూపి, "ఈయన ఎవరు?" అని సైగ చేయగా, ఆమె తన అరచేతుల మధ్యలో వ్రేలితో పొడిచి చూపి, పైకి చూపి, తన గుండె మీద చేయి పెట్టుకొన్నదట. గురువుగారు ఈ సంగతి బిషప్పుగారికి వ్రాసినారు. ఆ సంవత్సరము పదునాలుగేండ్ల పిల్లల వరుసలో తెల్లచీర కట్టుకొని ఆమె కూడ మోకరించినది. లెస్టరు వరుని కథ మేము చదివినది అటు తరువాతనే. చదివినప్పుడు మాకు ఈమెయే జ్ఞాపకము వచ్చినది.

మాట పడిపోయినవారిని గూర్చి కూడ కొంత చెప్పవలెను, ఎందుకనగా ఇట్టివారు నేడు ప్రతి సంఘములోను ఉన్నారు. పక్షవాతము మెదడు ఎడమ భాగమునకు తగిలినప్పుడు తరచుగా కుడి చేయితో కూడ మాటయు పోవును. పదునెనిమిదవ శతాబ్దములో స్వీడను దేశములో ఓలోఫ్ దాలిన్ అను ఆయన ఇట్టి రోగి ఒకని వృత్తాంతము వ్రాసినాడు. ఆ మనిషి "అవును" అను మాట తప్ప మరేమియు పలుకలేడు. కాని జబ్బుకు ముందు నేర్చుకొన్న కీర్తనలను తోటివారు అందించగా స్పష్టముగా పాడును, కొన్ని ప్రార్థనలను కూడ చెప్పును. దీనిని వైద్యులు తరువాత అనేకమందిలో గమనించినారు. 1973లో బోస్టను వైద్యులు రాగము ఆధారముగా మాట నేర్పు చికిత్సను ప్రకటించినారు. మా సంఘములో ఒక వృద్ధ ఉపాధ్యాయులు మంచినీళ్ళు అడుగలేరు గాని, ఆరాధనలో కీర్తన ఎత్తుకొనగానే చరణము చరణము పాడుదురు. అది చూచి కొందరు, "మాట వచ్చును గాని పట్టుదలతో మాటలాడరు" అని అపార్థము చేసికొన్నారు. అది తప్పు. మరికొందరు, "ఆయనకు ఏమియు తెలియదు" అని ఆయన ఎదుటనే ఆయనను గూర్చి మాటలాడుదురు. అది ఇంకను తప్పు. ఇట్టివారిలో చాలమందికి చెప్పలేనంతటి మాట అర్థమగును. ఒక్కొక్క ప్రశ్న వేసి, అవును కాదు అని తల ఊపుటకు వ్యవధి ఇచ్చి, కావలసిన వస్తువును చూపి, రెండు మాటలు పెద్ద అక్షరాలతో వ్రాసి చూపినచో సంభాషణ సాగును. పరామర్శకు వెళ్ళినవారు ప్రార్థన చేసి లేచిపోక, ఒక పాట పాడి కూర్చుండుట మేలు.

చట్టము కూడ ఈ త్రోవనే వచ్చినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో సమాచార వినిమయము అను మాటకు ఇచ్చిన అర్థములో సైగల భాష, బ్రెయిలీ, పెద్ద అక్షరాల అచ్చు, సులభ భాష, చదివి వినిపించు మనిషి - ఇవన్నియు చేరినవి. భారతీయ సైగల భాషకు ఢిల్లీలో 2015లో ఒక పరిశోధన, శిక్షణ కేంద్రము ఏర్పడినది. వారి నిఘంటువు 2018లో మూడు వేల మాటలతో వెలువడి, 2021 నాటికి పది వేలకు పెరిగినది. అది తెలుగునో హిందీనో చేతులతో చూపుట కాదు, తన సొంత వ్యాకరణము గల భాష. అందుచేతనే చెవిటి బిడ్డకు వ్రాసిన తెలుగు రెండవ భాష వంటిది. మన ఆరాధన క్రమములోని గ్రాంథిక సమాసాలు విను చెవులు గలవారికే కొరుకుడు పడవు, ఆ బిడ్డ మాట చెప్పవలెనా! అమెరికా సైగల భాషలో బైబిలు యావత్తును అనువదించుటకు దాదాపు నలుబది యేండ్లు పట్టి, 2020లో పూర్తియైనది. కేరళలోని త్రిశూరులో 2024 మే నెలలో జోసెఫ్ తెర్మడం అను చెవిటి యువకుడు కథోలిక గురువుగా అభిషేకము పొందినాడు. మన దేశములో వినికిడి లేని మొదటి గురువు ఆయనయే.

మా పాస్టరేటులో ఈ శతాబ్ది సంవత్సరములో స్త్రీల మైత్రివారు ఒక చిన్న పని పూనుకొన్నారు. గురువుగారి ముఖము మీద వెలుతురు పడునట్లు ప్రసంగ వేదిక దీపము మార్పించినారు, పెదవులు చూచి గ్రహించువారి కొరకు. ప్రసంగ సారాంశము పది చిన్న వాక్యాలలో వ్రాసి ముందుగానే చేతికిచ్చుచున్నారు. ప్రభువు ప్రార్థనకు బొమ్మల అట్టలు కూడ వేయించుచున్నారు. ఆకాశము, రొట్టె, చేతులు జోడించిన మనిషి సులభముగానే వచ్చినవి. ఋణము అను మాట వద్ద బండి ఆగినది. ఒకరు షావుకారి లెక్కల పుస్తకము గీసినారు, పెద్దలు ఒప్పుకొనలేదు. మరియొకరు పగిలిన కుండ గీసినారు, పిల్లలు నవ్వినారు. పోయిన నెలలో ఆ అట్టలను తీసికొని వెనుక వరుసలోని వృద్ధురాలి వద్దకే వెళ్ళినారు. ఆమె కుండను ప్రక్కకు పెట్టి, తన రెండు పిడికిళ్ళు బిగించి చూపి, మెల్లగా విప్పి, అరచేతులు ఎదుటివారి వైపు చాపినది. చిత్రకారుడు ఇప్పుడు ఆ చేతులను గీయుచున్నాడు.